కొండమీది డబ్బా

"చచ్చింది. మళ్లీ అదే డబ్బా చచ్చింది." వంగేచి ల్యాప్‌టాప్‌ను ఇంజినీరు ముఖంవైపు తిప్పింది.

కెన్యాలోని న్యేరి తేయాకు తోటల్లో మంచు దెబ్బను ముందే పసిగట్టడానికి సెన్సర్ డబ్బాలు పెట్టారు. ఒక్కోటీ తన చలి లెక్కను పక్కదానికి అందిస్తూ ఫ్యాక్టరీకి చేర్చాలి. ఆ దారి గీసినవాడు నైరోబి నుంచి వచ్చిన ఈ ఇంజినీరు మురీతే. డబ్బాలు పెట్టించడానికి రైతులను ఒప్పించింది వంగేచి. ఇంకొక్కసారి హెచ్చరిక తప్పితే అన్నీ పీకేస్తామని రైతుల సంఘం తేల్చేసింది. పీకితే ఆమె ఉద్యోగమూ ఊడినట్టే.

"బ్యాటరీ నాసిరకం," అన్నాడు మురీతి.

"అన్ని డబ్బాల మాటలూ ఆ కొండమీది డబ్బా నెత్తినే మోపావు. దగ్గరి దారట! మా దగ్గర గాడిదకైనా వంతులుంటాయి, ఇంజినీరు గారూ."

"ఎండ రానీ, సోలార్ నింపేస్తుంది."

"జూలై మబ్బుల్లోనా? ఎండేమైనా నైరోబి నుంచి సంచిలో తెచ్చావా?"

అతను మూతి ముడుచుకుని వెళ్లిపోయాడు. విచిత్రం, ఆ తర్వాత డబ్బా చావలేదు. మురీతి కాలర్ ఎగరేశాడు. వంగేచికి ఒళ్లు మండింది.

ఆ మర్మమేమిటో తేల్చుకుందామని ఓ సాయంత్రం చినుకుల్లోనే కొండెక్కింది. డబ్బా దగ్గర ఎవరో వంగి ఉన్నారు. బూట్ల నిండా బురద, పళ్ల మధ్య టార్చి, చేతిలో కొత్త బ్యాటరీ.

"దొంగా!"

మురీతి ఉలిక్కిపడి, జారి తేయాకు పొదలో కూలబడ్డాడు.

"రోజూ మోసుకొస్తున్నావా? దగ్గరి దారితో కరెంటు ఆదా చేసే మేధావివి! దారి మార్చడం చిటికెలో పని కదా?"

"మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టు."

"మరి చావనివ్వొచ్చుగా?"

"చస్తే నీ ఉద్యోగం పోతుంది." అతను చూపు తిప్పుకున్నాడు. "నువ్వెళ్లిపోతే నన్ను తిట్టేదెవరు?"

వంగేచి విసురుగా తన రెయిన్‌కోటు విప్పి ఇద్దరి తలల మీదా పట్టింది.

"బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తియ్. ఏ డబ్బాలో ఛార్జి ఎక్కువుంటే అప్పుడు అదే మాటలు మోయాలి. అలా ప్రోగ్రాం రాయి. నీళ్లు నమలకు."

వాన జోరందుకుంది. అతను రాశాడు. భుజాలు తగులుతున్నా ఇద్దరూ గమనించనట్టే నటించారు.

ఆ వారమే మంచు దిగింది. హెచ్చరిక ముందే అందడంతో రైతులు తేయాకు నారుమళ్లన్నీ కప్పేశారు. డబ్బాలు పీకక్కర్లేదంది సంఘం.

"ఇక నాకు కొండెక్కే పని లేదు," అన్నాడు మురీతి దిగులుగా.

"నీకు బుద్ధి రానే రాదు." వంగేచి విసుక్కుంది. "ఆదివారం మా ఇంటికి చాయ్‌కి రా. ఇంతటి మొండిఘటం ఎలా ఉంటాడో మా అమ్మ చూస్తానంటోంది."