అంకాలమ్మ సమాధి తవ్వినవాడు

అసురసంధ్య వేళ...!

పడమట సూర్యుడు నెత్తుటి ముద్దలా కుంగిపోతున్నాడు. తూర్పున సముద్రం మీద కాటుక మేఘాలు... ఉరుము మీద ఉరుము! జువ్వలదిన్నె శివార్లలో, సరుగుడు తోపు నడుమ ఉన్న శ్మశానంలో గుడ్లగూబ ఒకటి గొంతు చించుకుని అరిచింది.

కామమ్మ ఉలిక్కిపడి పమిట బిగించి పట్టుకుంది. కొడుకు తుమ్మితే పెద్ద జబ్బే అనుకునే మనిషి... పక్కింట్లో ఫోను మోగినా వాడికేదో అయిందని చేతిలో గిన్నె జారవిడిచే తల్లి! అలాంటిది ఈ వేళప్పుడు ఈ చోటికి ఆమెను ఈడ్చుకొచ్చింది భయాన్ని సైతం బూడిద చేసిన ఘోరజ్వాల... అసూయ!

తోడికోడలు ధనలక్ష్మి కొడుకు కిషోర్ బాబు వల వేస్తే మంచి ధర పలికే వంజరం చేపలు. తన కొడుకు వినోద్ వేస్తే నాచు. ఒకటే సముద్రం, ఒకటే గాలి... అక్కడ మేడ లేచింది, ఇక్కడ రేకులు తుప్పు పట్టాయి. సాయంత్రం ఆ మేడ నీడ తన వాకిట్లో పడితే చాలు, కామమ్మకు ముద్ద దిగదు.

ఆ శ్మశానంలో మూడు సమాధులకు మాత్రం ఏటా సున్నం వేస్తారు. ఒకటి, తుఫానులో దారి తప్పిన పడవలన్నిటినీ ఒడ్డుకు చేర్చిన సరంగు పోలేరయ్యది. ఇంకొకటి, పొగమంచులో డప్పు చప్పుడుతోనే తీరం చూపిన యెహోషువది. మూడోది మంత్రసాని అంకాలమ్మది. ఊళ్ళో సగంమందిని ఈ లోకంలోకి లాగిన చేతులు ఆమెవి! జడివానైనా సరే, పురిటినొప్పుల కేక వినబడితే ఆమె రాకుండా ఉన్నది లేదు. కోసిన బొడ్డుతాళ్ళన్నీ ఈ తోపు ఇసుకలోనే పాతిపెట్టి, చివరికి తానూ వాటి పక్కనే పడుకుంది. పడవ ఒడ్డుకు రాగానే మొదటి చేపలు ఆ ముగ్గురికీ పెట్టడం ఊరి ఆచారం.

ఇప్పుడు అంకాలమ్మ సమాధి బద్దలై ఉంది! గోతి ఒడ్డున, మండుతున్న హోమగుండం ముందు కూర్చున్నాడు మాంత్రికుడు చంద్రమౌళి. అతని ఒళ్ళో పసుపు, కుంకుమ పూసిన ఆమె కపాలం...!

"బతికున్న నాకు దణ్ణం పెట్టే దిక్కు లేదు. చచ్చినదానికి చేపలా, పూలా?" పళ్ళు పటపట కొరికాడు. "ఊరిని కాచే ఈ పుర్రెతోనే ఊరిని కాలుస్తా! నేనడిగింది తెచ్చినావా?"

కామమ్మ ఎర్రరంగు వేసిన బెండు ముక్క అందించింది. నీళ్ళమీద తేలడానికి వలకు కట్టే బెండు అది. నిన్న ఒడ్డున ఆరేసిన కిషోర్ బాబు వల నుంచి దొంగచాటుగా కోసింది.

"సామీ... పిల్లోడి పానానికేం కాదు గదా? ఆ వలకుండే రాశి మా వాడికొస్తే చాలు."

"నోర్మూయ్!"

బీజాక్షరాలు బుసలు కొట్టాయి. బెండు నిప్పుల్లో పడింది. కపాలం కళ్ళగుంటల్లో నీలిమంట... దూరాన కడలి గర్భం చీల్చుకుని నల్లటి సుడి లేచింది!

కాసేపటికి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, రొప్పుతూ వచ్చింది ధనలక్ష్మి.

"కామమ్మా! ఈ యేళప్పుడు తోపులోకి వచ్చినావంట, ఏందిమే ఇది? ఊరంతా ఒడ్డున ఉండాది. మన వినోద్ పడవ సుడిలో చిక్కుకునిందే!"

"వినోదా...? వల చినిగి వాడు ఒడ్డునే ఉండాడు గదా! కిషోర్ గదా అక్కా సముద్రంలో ఉండేది?"

"వాడికి జొరం, ఇంట్లోనే పడుకోనుండాడు. పొద్దున మీవోడి వల చినిగి ఉంటే, మా వల నేనే ఇచ్చి పంపించినా. మా రాశి వాడికి గూడా కలిసిరానీ అని..."

కామమ్మ కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ ఎర్రబెండ్ల వల ఇప్పుడు తన బిడ్డ చేతుల్లో ఉంది!

"ఆపు సామీ! నీ కాళ్ళకు మొక్కుతా, ఆపు!"

చంద్రమౌళి వికటాట్టహాసం చేశాడు. "మేలుకున్న శక్తికి నెత్తురు కావాల. ఏ తల్లి కొడుకైతే దానికేం? ఇద్దరూ ఒకరినొకరు చూసి కుళ్ళిచావండి!"

కామమ్మ గోతి ఒడ్డున కుప్పకూలింది. పేగులు మెలిపెట్టుకుపోయాయి... వినోద్‌ను కన్ననాటి నొప్పి! ఆనాటి కేకే మళ్ళీ ఆమె గొంతు చీల్చుకుని వచ్చింది.

"అంకాలమ్మా...! నా బిడ్డమ్మా...! అంకాలమ్మా...!!"

ఉరుము ఆగింది. గాలి ఆగింది. కపాలం గిర్రున మాంత్రికుడి వైపు తిరిగింది!

కామమ్మ జుట్టు విరబోసుకుని లేచింది. కళ్ళు చింతనిప్పులు... నోటివెంట ముసలి గొంతు.

"ఏందిరా అబ్బయా! పుట్టేటప్పుడు ఏడిస్తే ముద్దు. ఇంత గడ్డమొచ్చినాక ఊరోళ్ళ బాగు చూసి ఏడుస్తావా? నేను లోకంలోకి తెచ్చిన బిడ్డను నా పుర్రెతోనే చంపుతావురా?"

"క... కట్టు! నిన్ను కట్టడి చేస్తున్నా!" విభూతి విసిరాడు చంద్రమౌళి. అది తిరిగివచ్చి అతని కళ్ళనే కాల్చింది.

ఇసుక కదిలింది. వందలాది తడి తాళ్ళు... నెత్తుటి రంగులో, నాడి కొట్టుకుంటున్న బొడ్డుతాళ్ళు... సర్పాల్లా పైకి లేచాయి! కాళ్ళకు చుట్టుకున్నాయి, నడుముకు చుట్టుకున్నాయి, గొంతుకు బిగుసుకున్నాయి. ధనలక్ష్మి కళ్ళెదుటే, "అమ్మా...!" అన్న ఒక్క ఆక్రందనతో మాంత్రికుడు ఇసుకలోకి దిగిపోయాడు. హోమగుండం ఫట్‌మని ఆరింది.

తెలివొచ్చేసరికి కామమ్మ తల ధనలక్ష్మి ఒళ్ళో ఉంది. ఎదురుగా నిలువెల్లా తడిసిన వినోద్!

"వల పోయిందమ్మా. సుడిలో మునిగిపోతా ఉంటే, ఎవరో ముసలామె నా తల పట్టుకుని బయటికి లాగింది. చేతులు ఎంత వెచ్చంగా ఉన్నాయో!"

కామమ్మ బావురుమంది. "అక్కా... ఆ బెండు కోసింది నేనే. కిషోర్ మీదకే పంపినా." ధనలక్ష్మి ఒళ్ళు రాయిలా బిగిసింది. కానీ ఒళ్ళోని తలను మాత్రం కింద దించలేదు.

అంకాలమ్మ కపాలాన్ని మళ్ళీ మట్టిలో పెట్టి, సమాధికి కొత్త సున్నం వేశారు. పక్కనే పేరులేని నాలుగో దిబ్బ ఒకటి మిగిలింది. ఇప్పటికీ పడవలు రాగానే మూడు సమాధుల మీదా చేపలు మెరుస్తాయి. ఆ దిబ్బ మీద ఒక్క చేప కూడా ఎవరూ పెట్టరు... కాకి సైతం వాలదు! దాని కిందనుంచి అసురసంధ్యలో పటపట పళ్ళు కొరికే చప్పుడు వినిపిస్తుంది.

అది వినబడగానే కామమ్మ, ఎదురింటి మేడవైపు చూస్తున్న తన చూపును గబుక్కున దించుకుంటుంది.