గాలిలో మలుపు

రేపల్లెలో కంప్యూటర్ ముందు తుపాకుల ఆటలాడే కుర్రాళ్లందరికీ పరుగెత్తడం వచ్చు, దూకడం వచ్చు. దూకాక గాలిలోనే మౌస్ తిప్పుతూ, వేగం తగ్గకుండా గోడ చుట్టూ మలుపు తిరగడం మాత్రం మనోజ్ ఒక్కడికే వచ్చు. ఉదయ్ కిరణ్ రెండేళ్లు తంటాలు పడ్డాడు. ప్రతిసారీ జానెడు తక్కువై కింద పడేవాడు. తెనాలి పోటీలో గెలిచినవాడికి హైదరాబాద్ జట్టులో చోటు. ఓడిపోతే నాన్న వెంట రైస్ మిల్లుకి పోవాల్సిందే.

మనోజ్ జ్వరంతో పోయిన తొమ్మిదో రోజున ఉదయ్ అతనింటికి వెళ్లాడు. వెళ్లింది పరామర్శకే గానీ, కళ్లు మాత్రం బల్ల మీది మనోజ్ మౌస్‌ని వదల్లేదు. సిగ్గుపడుతూనే అడిగాడు. మనోజ్ తల్లి కోటిరత్నం తెచ్చి చేతిలో పెట్టింది. ఆ సంతోషంలో, గుమ్మం దిగుతూ నోరు జారాడు.

"వెళ్లొస్తా పిన్నీ."

చావింట్లో ఎవరూ ఆ మాట అనరు. చెప్పకుండా లేచి వచ్చేస్తారు. కోటిరత్నం ముఖం పాలిపోయింది.

"ఎంత మాట అనేశావు నాన్నా," అంది మెల్లగా. "ఆ మాట విన్నది నేనొక్కదాన్నే కాదు."

పోటీ ఆ ఆదివారం మధ్యాహ్నం, తెనాలిలో ఒక కల్యాణ మండపంలో. కింద వంటశాలలోంచి సాంబారు వాసన వస్తోంది. ఏసీ చలికి అందరూ చేతులు రుద్దుకుంటున్నారు. ఉదయ్ వెంట తెచ్చుకున్న మనోజ్ మౌస్ మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది... ఎవరో ఇప్పుడే చెయ్యి తీసినట్టు.

ఆట మొదలైంది. గోడ దగ్గరకొచ్చింది. దూకాడు. ఎటు తిప్పాలా అని ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు... మణికట్టు తిరిగింది. దానంతట అదే.

గోడ దాటాడు. హాలంతా ఈలలు. హెడ్‌ఫోన్‌లో మాత్రం ఎవరిదో ఊపిరి.

"వదులుగా పట్టుకోరా..."

భయమేసి చెయ్యి తీయబోయాడు. రాలేదు. నిజం చెప్పాలంటే గట్టిగా లాగనూ లేదు. గెలుస్తున్నాడు మరి.

గెలిచాడు.

జట్టు కాగితాలు చూసే సాయి సుధ అతని సంతకం దగ్గర ఆగి, మనోజ్ అంటే ఎవరని అడిగింది. ఉదయ్ కాగితం లాక్కుని చూశాడు. ఉదయ్ కిరణ్ అనే ఉంది. ఇంకో కాగితం అడిగి, ఒక్కో అక్షరం పైకి పలుకుతూ రాశాడు.

ఆమె చదివి, విసుగ్గా తలెత్తింది.

"మళ్లీ మనోజ్ అనే రాశారండి."

కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. శక్తి కొద్దీ ప్రయత్నించాడు...

"అవునండి, నా పేరే," అంది అతని గొంతు.