భూరా గిన్నెలో సగం సగం

"దో సౌ గ్రామ్. న కమ్, న జ్యాదా," అంది స్వాతి హిందీలో. రెండు వందల గ్రాములే, ఎక్కువా తక్కువా కాకూడదు.

దయాల్‌బంద్ చికెన్ కొట్టు ముందు ఆదివారం పొద్దున అప్పుడే ఎనిమిదిమంది నిలబడి ఉన్నారు. సన్నగా వాన. కొట్టువాడు తక్కెట్లో ఒక ముక్క వేసి, తీసి, మళ్ళీ సగం కోసి వేశాడు. స్వాతి గొడుగు కింద నుంచి వంగి ముల్లునే చూస్తోంది.

వెనక నుంచి తెలుగు వినబడింది. ఎవరో కుర్రాడు ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"లేటైతది అన్నా. ముందర ఒకామె బంగారం కొంటున్నట్టు కోడిని కొంటున్నది."

స్వాతి వెనక్కి తిరగలేదు. "బంగారంలో తేడా వస్తే డబ్బు పోతాది. ఇందులో వస్తే ప్రాణం పోతాది," అంది.

ఫోన్ ఠక్కున ఆగిపోయింది. "మీరు తెలుగోళ్ళా?"

"మీరు మాట్లాడినంతసేపూ తెలుగుదాన్నే."

"సారీ మేడమ్. ఎవరి ప్రాణం?"

"మా కుక్కది."

అతను నవ్వాడు. అదే ఆమెకు నచ్చలేదు. నోట్‌బుక్ తెరిచి అతని ముఖం ముందు పెట్టింది. "దానికి కిడ్నీలు బాగోలేవు. ప్రొటీన్ ఇరవై రెండు శాతం దాటొద్దన్నారు డాక్టరు. కుక్కల తిండి గుళికల ప్యాకెట్ మీద ఇరవై ఆరు ఉంది. పచ్చి మాంసంలో పద్దెనిమిది. సగం సగం కలిపితే ఎంత?"

"ఇరవై రెండు."

"అచ్ఛా, లెక్క వచ్చన్నమాట."

అతను నోట్‌బుక్ వైపు ఇంకాసేపు చూశాడు. నవ్వు పోయింది. "తడి తీసిండ్రా?"

"ఏటి?"

"మాంసంల తడి. నీళ్ళు. డాక్టర్లు చెప్పే శాతం తడి తీసినంక లెక్క. అది తీయకుండ ఈ రెండు అంకెలు కలపరాదు."

"నేను మ్యాథ్స్ టీచర్ని."

"నేను బొగ్గు ల్యాబ్‌ల కెమిస్టుని. సాయిచరణ్. మీ సందులోనే, రెండిళ్ళ అవతల గది తీసుకున్న."

"అయితే మీ బొగ్గు చూసుకోండి," అని స్వాతి పొట్లం తీసుకుని వానలోకి నడిచింది.

భూరా ఆమె తండ్రి కుక్క. గూడ్స్ డ్రైవర్ శంకరరావు పదకొండేళ్ళ కిందట లోకో షెడ్డులో దొరికిన గోధుమరంగు కుక్కపిల్లను చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. ఎనిమిది నెలల కిందట ఆయన పోయాడు. రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి తల్లీ కూతుళ్ళు ఈ అద్దె ఇంటికి వచ్చారు. అప్పటినుంచి భూరా ఏది పెట్టినా సగమే తినేది. గిన్నెలో పచ్చి మాంసం లేకపోతే అదీ లేదు. అందుకే స్వాతి వ్యాపార్ విహార్ బజార్లో కొన్న గుళికల్లో మాంసం కలిపేది. ఆ ఇంట్లో ఆమె చేతిలో ఉన్న పని అదొక్కటే అనిపించేది. కాబట్టి దాన్ని తప్పు లేకుండా చేసేది.

బుధవారం రక్తపరీక్ష చేశారు. అసలే ఎక్కువగా ఉన్న కిడ్నీల అంకె ఇంకా పెరిగింది.

"ప్రొటీన్ ఎక్కువ పెడుతున్నారా?" అని డాక్టరు హిందీలో అడిగాడు.

"లేదు. సరిగ్గా ఇరవై రెండు."

"నెల చూద్దాం. అప్పటికీ దిగకపోతే ఆశ పెట్టుకోకండి."

ఇంటికొచ్చాక తల్లి మంగాయమ్మ భూరా వీపు నిమిరింది. "దానికి మీ నాన్న కావాలమ్మా. నీ లెక్కలు కాదు."

స్వాతి నోట్‌బుక్ తెరిచి కూడిక మళ్ళీ చూసుకుంది.

తరవాతి ఆదివారం గేటు దగ్గర సాయిచరణ్ నిలబడ్డాడు. చేతిలో బొగ్గు నమూనాలు పెట్టే చిన్న సంచి. దానికి దారంతో కట్టిన చీటీ మీద తేదీ, కింద "నమూనా: కోడి" అని రాసి ఉంది.

"ఇదేటి బాబూ?" అంది మంగాయమ్మ.

"వంద గ్రాముల కోడి అమ్మా. బొగ్గు ఆరబెట్టే ఓవెన్‌ల పెట్టిన. పూర్తిగ ఆరినంక ఇంతే మిగిలింది. ఇరవై ఐదు గ్రాములు."

"ఆఫీసులో ఏటనలేదా?"

"మా ఇన్‌చార్జి వాసన పట్టి ల్యాబంత తిరిగిండు. ఎవరు కూర వండుతున్నరని అందర్నీ అడిగిండు. నేను కూడా ఆయనతోటి వెతికిన."

మంగాయమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. స్వాతి మాత్రం ఆ ఎండు ముక్కల్నే చూస్తోంది. తర్వాత ఏమీ అడగకుండా పెన్ను తీసింది. వంద గ్రాముల మాంసంలో అసలు పదార్థం ఇరవై ఐదు. అందులో పద్దెనిమిది ప్రొటీనే. అంటే డెబ్భై రెండు శాతం. గుళికల్లో నీళ్ళు పదో వంతు. చెరో వంద గ్రాములు కలిపి చూసింది: అసలు పదార్థం నూట పదిహేను, అందులో ప్రొటీన్ నలభై నాలుగు. అంటే నూటికి ముప్పై ఎనిమిది.

మళ్ళీ వేసింది. ముప్పై ఎనిమిదే.

"తగ్గుతుందనుకుని కలిపాను," అంది నెమ్మదిగా. "రోజూ తూచి మరీ..."

పెన్ను మూసేసింది. సాయిచరణ్ ఆమె వైపు కాకుండా భూరా వైపు చూస్తూ మాట్లాడాడు.

"నేను కొలువుల చేరిన మొదటి వానాకాలం తడి బొగ్గును అట్లనే తూచి రిపోర్టు రాసిన మేడమ్. ఇది బొగ్గా షర్బత్తా అని అడిగిండు మా ఇన్‌చార్జి. మీ కూడిక తప్పు కాదు. ప్యాకెట్ మీద ఎవ్వరూ రాయరు ఇది."

ముగ్గురూ కూర్చుని కొత్త గిన్నె తయారు చేశారు. గుళికలు తగ్గించారు, మాంసం గుప్పెడు చాలన్నారు, అన్నం ఎక్కువ వేశారు. తడి తీసి చూస్తే ఇరవై రెండు లోపే. డాక్టరు కూడా సరేనన్నాడు. భూరా ఒప్పుకోలేదు. వాసన చూసి, గోడవైపు తిరిగి పడుకుంది. రెండో పూటా అంతే.

మర్నాడు సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ సాయిచరణ్ గేటు దగ్గర ఆగాడు. స్వాతి చేతిలో మాంసం పొట్లం ఉంది.

"ఇంకొంచెం వేస్తాను. లేకపోతే తినదు."

"ఒక్క రోజు ఆగుదాం మేడమ్."

"ఆకలితో ఉంది! మీ కుక్క కాదు కదా, మీకేం?"

అతని ముఖం చిన్నబోయింది. వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు. గడప లోపలున్న మంగాయమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, సారు ఎట్ల పెట్టేటోరు దీనికి?"

"ఆయనా? డ్యూటీ నుంచి వొచ్చి, బట్టలైనా మార్చకుండా గుమ్మంలో కూకునీవోరు. సేత్తో పెట్టీవోరు. 'దా నాయినా, దా' అనుకుంటూ. నేను తిట్టీదాన్ని, ముందు నువ్వు తినొచ్చు కదా అని."

ఎనిమిది నెలలుగా భూరా ముందు గిన్నె పెట్టినవాళ్ళే గానీ పక్కన కూర్చున్నవాళ్ళు లేరు. స్వాతి పొట్లం పక్కన పెట్టింది. గుమ్మంలో కింద కూర్చుని, అన్నమూ గుళికలూ మాంసమూ వేళ్ళతో కలిపి ముద్ద చేసింది. అంతకుముందు పచ్చి మాంసం ఎప్పుడూ చెంచాతోనే తీసేది.

"దా నాయినా," అంది. చెయ్యి ముందుకు చాపింది. "దా."

భూరా తల ఎత్తింది. చాలాసేపు చూసింది. లేచి వచ్చి ఆమె అరచేయి నాకి, ముద్ద తీసుకుంది.

స్వాతి తల వంచుకునే రెండో ముద్ద కలిపింది. "ఇందాక అలా అన్నందుకు ఏమనుకోకండి."

"నేనేమనుకోలే. గిన్నెల అన్నం మిగిలింది, పెట్టుండ్రి."

ఆ నెలంతా అతను సాయంత్రాలు గేటు దగ్గర ఆగేవాడు. మొదట భూరా తిన్నదా అని అడగడానికి. తర్వాత ఆ ప్రశ్న అడగడం మరిచిపోయి కూడా కూర్చునేవాడు. స్వాతి అతని "ఏంది"ని వెక్కిరించేది, అతను ఆమె "ఏటి"ని. భూరా ఇద్దరి మధ్య పడుకునేది.

నెల తిరిగాక పరీక్షకు సాయిచరణ్ కూడా వెంట వచ్చాడు. అంకె దిగింది. డాక్టరు రెండుసార్లు చూసి, "ఇదే గిన్నె సాగించండి. దీనికి ఇంకా కాలముంది," అన్నాడు.

బయట వాన పెద్దదైంది. ఆసుపత్రి రేకు కింద భూరాతో కలిసి ముగ్గురూ నిలబడ్డారు. స్వాతి రిపోర్టు తడవకుండా కొంగులో పెట్టుకుంది.

"నాకు కంపెనీ కాలనీల క్వార్టర్ ఇచ్చిండ్రు," అన్నాడు సాయిచరణ్. "ఒద్దని రాసిచ్చిన."

"ఎందుకు? మీ గది ఇలాంటి వానకి కారుతుంది కదా?"

"కారుతది. కానీ అక్కడినుంచి మీ గుమ్మం దూరమైతది."

స్వాతి భూరా గొలుసు చేతికి చుట్టుకుంది, విప్పింది. "ఇల్లు వద్దనుకునే ముందు నన్నొక మాట అడగాలి."

"ఇప్పుడు అడుగుతున్న. మీతోటి ఉండాలనుంది. మీకు ఇష్టమైతేనే."

వాన చప్పుడులో ఆమె మాట అతనికి వినిపించిందో లేదోనని మళ్ళీ చెప్పింది. "ఇష్టమే. అమ్మని అడగండి. నెమ్మదిగా చెప్పండి, మీ తెలుగు ఆవిడకి సగమే తెలుస్తుంది."

ఇంటికి చేరేసరికి ముగ్గురూ తడిసిపోయారు. రిపోర్టు సంగతి విని మంగాయమ్మ భూరాను పాత తువ్వాలుతో తుడుస్తూ ఉండిపోయింది. సాయిచరణ్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నేను... మా ఇంట్లోళ్ళతోటి... అంటే స్వాతి..."

"ఉండు బాబూ, తెలిసిపోనాది. ఈ నెల్లాళ్ళూ గేటుకాడ నువ్వు కుక్క కోసమే కూకున్నావని అనుకున్నానేటి? మీ అమ్మ నంబరు సెప్పు, నేనే మాట్లాడతాను."

అతను చెప్పాడు. మంగాయమ్మ నొక్కింది. అటునుంచి ఎవరో హిందీలో గోధుమపిండి ఎన్ని బస్తాలు కావాలని అడిగారు. ఇంకోసారి చెప్పాడు. ఈసారి ఒక అంకె తక్కువైంది.

స్వాతి నవ్వింది. తండ్రి పోయాక మొదటిసారి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, గోడకు ఆనుకుని, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మంగాయమ్మ ఫోన్ పట్టుకుని కూతురి వైపే చూస్తూ ఉండిపోయింది.

"తొందరేం లేదు బాబూ," అంది చివరికి. "గుర్తొచ్చినప్పుడే సెప్పు."