మే నెల ఒడ్డు

1988 ఆగస్టు. మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో సూర్యాపేటలోని డిటెక్టివ్ దానియేలు ఆఫీసు మెట్లెక్కిన జానయ్య సారు కుర్చీ చూపించినా కూర్చోలేదు. కాలేజీలో సీనియర్ లెక్చరర్ ఆయన. తోటి లెక్చరర్లతో కలిసి కోదాడ దారిలో చెరువొడ్డున ఆరు వేసవి కాటేజీలు కట్టించాడు. గృహప్రవేశం కాకముందే కిటికీల దాకా నీళ్లొచ్చాయి. ఏటా ఆ జాగాలో దోసపాదులు పెట్టుకునే తండా మనిషి మంగ్త్యా, కక్షతో, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగుకు ఇసుక బస్తాలు అడ్డం వేశాడని కేసు పెట్టారు. మూడు రోజులుగా మంగ్త్యా ఠాణాలో ఉన్నాడు. ఇప్పుడు ఎస్సై సాక్ష్యం అడుగుతున్నాడు, అది వెతికి పెట్టమని జానయ్య వచ్చాడు.

చెరువు దగ్గరికి వచ్చిన దానియేలు మునిగిన ఇండ్ల వైపు చూడనైనా చూడలేదు. నేరుగా అలుగు దగ్గరికి నడిచి, అసిస్టెంటు సుగుణను రాయి మీద చెయ్యి పెట్టమన్నాడు. రాయి పొడిగా ఉంది. నీళ్లు ఇంకా రెండు జానల కిందనే ఉన్నాయి. బస్తాల జాడే లేదు.

జాగా చూపించింది ఎవరని అడిగితే, జాగ్రఫీ లెక్చరర్ చంద్రు అని జానయ్య చెప్పాడు. మే నెలలో టేపు పట్టి హద్దురాళ్లు పాతించింది అతనే. తను మాత్రం ప్లాటు తీసుకోలేదట.

"పెండ్లి గాలే, ఒక్కనికి ఇల్లెందుకన్నడు."

సుగుణ రాసుకుంది గానీ ఏమీ అర్థం కాలేదు. మర్నాడంతా దానియేలు కాలేజీ పాత రిజిస్టర్లలో తల దూర్చి కూర్చున్నాడు.

ఆ తరువాత అందరినీ చెరువు కట్ట మీదికి పిలిపించాడు. ఎస్సై మంగ్త్యాను వెంటబెట్టుకొచ్చాడు.

"అలుగు పారనే లేదు. చెరువు ఇంకా నిండలేదు," అన్నాడు దానియేలు. "మీ ఇండ్లు ఒడ్డున లేవు సారూ, చెరువు కడుపుల ఉన్నయి. మంగ్త్యా, నీకు ఎర్కేనా?"

"ఎండకాలం ఒడ్డు ఒడ్డు కాదు సారూ. గందుకే గాడ దోసకాయలు పెడతం, గోడలు పెట్టం. నన్ను ఎవలడిగిండ్రు?"

"చంద్రు సారుకు కూడ ఎర్కే," అన్నాడు దానియేలు.

తొమ్మిదేండ్ల కింద ల్యాబులో మైక్రోస్కోపు మాయమైందని, జానయ్య సంతకంతో అటెండరు ఈదయ్యను ఠాణాలో కూర్చోబెట్టారని, ఉద్యోగం కూడా పోయిందని వివరించాడు. ఈదయ్య కొడుకే చంద్రు.

చంద్రు నవ్వాడు. "మా నాయన సచ్చేదాక దొంగనే. వీళ్ల ఇండ్లు వీళ్లే ముంచుకోవాలె అనుకున్న."

"మరి మంగ్త్యా? మీ నాయన కూసున్నట్టే ఠాణాల కూసున్నడు గద."

చంద్రు నవ్వు ఆరిపోయింది. అప్పుడే మొదటిసారి మంగ్త్యా ముఖం చూశాడు.

"రాళ్లు పాతింది నేనే. రాసుకోండ్రి," అని ఎస్సైతో అన్నాడు. తరువాత జానయ్య వైపు తిరిగాడు. "ఇగ మీరు చెప్పుండ్రి. మైక్రోస్కోపు ఎవరి చేతుల పగిలింది? మా నాయన కండ్లార చూసిండు."

తోటి లెక్చరర్లు నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డారు. జానయ్య పెదవులు కదిలాయి.

"నా చేతులనే."

"జర గట్టిగ చెప్పుండ్రి సారూ. దొంగతనం మోపింది ఎవరి మీదనో, ఆ పేరు కూడ."

ఎస్సై కలం ఆగింది. సుగుణ కలం కూడా.

"ఈదయ్య," అన్నాడు జానయ్య.