రాగి రాజు, నల్లిసుక గిన్నె

మునీశ్వరుడి పావురం తెచ్చిన తాటాకును మంత్రి పైకి చదువుతుంటే, మణిసాగరం కోటలో పదిరోజుల తర్వాత మొదటిసారి జనం ముఖాలు విప్పారాయి. రాజుగారికి విరుగుడు దొరికింది. నడిసముద్రంలోని నల్లదీవిలో పుల్లటి వేడినీటి ఊట ఉంది. ఆ నీరు గిన్నెడు తెచ్చి పోస్తే ఆయన ఒంటిని కమ్మిన రాగి కరిగిపోతుంది. అయితే రేపు పున్నమి చంద్రుడు పొడిచేలోగా పొయ్యాలి. ఆ తర్వాత గుండె కూడా రాగి అయిపోతుంది.

రాణి పైడి పరుగున వెళ్లి భర్త విక్రాంతుడి రాగి ఎదకు చెవి ఆనించింది. లోపల సన్నగా చప్పుడు వినిపించింది. పెళ్లయిన మూడోనాడే ఒక మాంత్రికుడు పగబట్టి అతణ్ణి ఇలా బొమ్మను చేసిపోయాడు. పైడి గిన్నెలూ గంటలూ పోతపోసే కంచరి ఇంటి పిల్ల. పుట్టింటివారు పెట్టిన పిడి ఉన్న కంచుగిన్నెను చంకన పెట్టుకుని, "వొచ్చీస్తాను, కదలకండి" అంది. కదలలేని మనిషికి ఆ మాట చెప్పినందుకు తనకే నవ్వొచ్చింది.

తీరంలో ఒక ముసలి తాబేలు ఆమెను వీపు మీద ఎక్కించుకుంది.

"బరువున్నావమ్మా."

"బరువు నానా, గిన్నా?"

"గిన్నే."

దీవిలో కొండంత భూతం నల్లిసుకను కొలిమిలో కరిగిస్తోంది. పైడి చెప్పిన కథంతా విని, "నీళ్లకేం, తీసుకో తల్లీ. ఆ గిన్నెతో మాత్రం వొద్దు" అంటూ పిడి ఉన్న బూడిదరంగు గిన్నె ఒకటి చేతిలో పెట్టింది.

కంచరివాళ్లు ఏ గిన్నెనైనా గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకునే విలువ కడతారు. పైడీ అలాగే మీటింది. కంచయితే పది లెక్కపెట్టేదాకా పాడుతుంది. ఇది ఒక్కసారి పలికి ఊరుకుంది.

"ఇలాటి మూగదాన్లో మా రాజుగారికి మందట్టుకెళ్లమంటావేటి, తాతా?"

భూతం ముఖం చిన్నబోయింది. "అందరూ అదే అంటారు" అని కొలిమివైపు తిరిగింది.

పైడి కంచుగిన్నెనే ఊటలో ముంచింది. పిడి క్షణంలో కాలి అరచేయి బొబ్బలెక్కింది. పంటి బిగువున పట్టుకుని సగం సముద్రం దాటాక చూస్తే, గిన్నెలో నీరు పచ్చగా ఉంది. నీటి పులుపంతా గిన్నె కంచులో కలిసిన రాగినే తినేసింది. ఇక రాజు ఒంటి రాగిని కరిగించే శక్తి దానికెక్కడిది? కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు ఉంచితే కిలుమెక్కుతుందని చిన్నపిల్లలకూ తెలుసు. కంచరి పిల్ల తన కంచు మీది మురిపెంతో అదే మరిచింది.

"వెనక్కి తిప్పమ్మా" అంది తాబేలుతో, కళ్లు తుడుచుకుంటూ.

పైడి వెళ్లి భూతం ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "మాట జారీసేను తాతా. పాట రాదని పనికిరాదనుకున్నాను."

భూతం బూడిద గిన్నెను ఊటలో ముంచి ఇచ్చింది. సైజు అంతే, బరువు చూస్తే సగమే. పిడికి వేడి పాకలేదు. నీరు తేటగా అలాగే ఉంది. పిల్లలూ, నల్లిసుకలో దాగి ఉండే ఆ లోహాన్నే మనం ఈనాడు టైటానియం అంటున్నాం.

"మా కంచుకి గొంతుంది, నీ లోహానికి ఓర్పుంది. మందు మొయ్యాల్సింది ఓర్పున్నోళ్లే" అని పైడి తన గిన్నెను భూతం అరచేతిలో పెట్టింది. భూతం దాన్ని చిటికెనవేలి గోటితో మీటి, ఆ నాదం ఆగిపోయేదాకా కళ్లు మూసుకుంది.

మర్నాడు సాయంత్రం, చంద్రుడు పొడవబోతూ తూర్పు ఎరుపెక్కుతుండగా పైడి కోటలో అడుగుపెట్టింది. నీరు పడగానే రాగి పచ్చగా కరిగి జారింది. ముందు నుదురు, తర్వాత చెంపలు, చివరికి పెదవులు బయటపడ్డాయి.

విక్రాంతుడు పెదవి తడుముకుని, "పైడీ, నన్ను చింతపండేసి తోమావా ఏమిటి?" అన్నాడు.

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. అతను బొబ్బలెక్కిన ఆమె అరచేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, కథంతా చెప్పించుకున్నాడు.

"అంత పెద్ద భూతానికి ఒక్క గిన్నె ఏపాటి? కంచుగంట పోతపోసి ఇద్దాం."

"పోత నేను పోస్తాను. మీరు కొలిమితిత్తి ఊదాలి."

"రాజు తిత్తి ఊదడమా?"

"బొమ్మలా నిలబడ్డంకంటే నయమే కదండీ."

విక్రాంతుడు మంత్రిని పిలిచాడు. "రేపు కొలువు లేదు. తెల్లవారేసరికి రాగీ తగరమూ పడవకెక్కించండి. నేనూ రాణీ నల్లదీవికి వెళుతున్నాం."