చెయ్యూపే మడుగు

"లెక్కపెట్టకే చెల్లీ, అలల మీద తలలూ...
ఒకటి నీదీ, ఒకటి నాదీ, ఒకటీ..."

ఆ మూడోది ఎవరిదో, ఆ మాట గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడేవాళ్ళం. మూడో తల దగ్గరికి వచ్చేసరికి అందరం కెవ్వున అరిచి తలోదిక్కూ పారిపోయేవాళ్ళం. అందుకే కాబోలు, పాట ఎవరికీ పూర్తిగా రాలేదు.

రేవు నుంచి తెరచాప పడవలో గంటన్నర పోతే మూడు చిన్న దీవులున్నాయట. రెండోదానికీ మూడోదానికీ మధ్య సముద్రం అలిసిపోయి కూర్చున్నట్టుంటుంది. అలల్లేవు. అడుగు కనబడేంత తేట నీళ్ళు. కింద పగడాలు, వాటి సందుల్లో రంగురంగుల చేపలు. అంత చక్కని చోటు ఇంకోటి లేదంటారు. అంత చెడ్డపేరున్న చోటూ ఇంకోటి లేదంటారు.

దాన్ని చెయ్యూపే మడుగంటారు.

తెర ఎత్తి పడవ కదిలే వేళకి, వెనక నీళ్ళలోంచి ఒక తల లేస్తుందట. చెయ్యి ఊపుతుందట. "ఆగండీ..." అని పిలుస్తుందట. పలికారో — మీ వెంట ఇంటిదాకా వచ్చేస్తుంది. అందుకని రేవులోవాళ్ళు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు. వెనక్కి తిరిగి చూడకూడదు. పిలిస్తే పలకకూడదు. ఇక మూడోది — అక్కడ తలలు లెక్కపెట్టకూడదు. లెక్కపెడితే ఎప్పుడూ ఒకటి ఎక్కువే వస్తుందట.

ఆ ఎక్కువ వచ్చిన తల సంగతే ఇది. మా చెల్లెలి కూతురు చెప్పగా విన్నాను.

ఆ పిల్లది కళ్ళజోళ్ళ షాపులో పని. పిల్ల అంటున్నాను గానీ నలభై దాటాయి. ముందుగదిలో దీపాలు, అద్దాల బీరువాలు, మెత్తటి కుర్చీలు. తను ఉండేది వెనకగదిలో. గుండ్రటి అద్దాన్ని మిషను మీద అరగదీసి, ఫ్రేముకి తగ్గట్టు అంచులు కోసి, బిగించి ముందుకి పంపాలి. పదకొండేళ్ళుగా అదే పని. ఊళ్ళో సగంమంది తను అరగదీసిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తున్నారు. తనని మాత్రం ఎవరూ చూడలేదు. షాపులో పేరు కూడా మరిచిపోయి 'వెనకగది' అనేవాళ్ళు.

"వెనకగదీ, రెండు జతలు అర్జెంటు!" అంతే. ఆ పలకరింపే రోజంతటికీ.

ఒకరోజు ఓనరుగారు అందర్నీ పిలిచి, "మనమంతా ఒక కుటుంబం. ఆదివారం దీవులకి పోదాం" అన్నారట. కుటుంబమంటే అయిదుగురు. ఓనరు, చూపు పరీక్ష చేసే తెల్లకోటాయన — డాక్టరు కాదు గానీ, ఆ కోటు వల్ల అందరూ డాక్టరుగారూ అనే అంటారు, ఫ్రేములు అమ్మే బాబాయి, కౌంటరు దగ్గరుండే అమ్మాయి, మా వెనకగది. అయిదుగురికీ జోడు లేకపోతే ఎదురుగా ఉన్నది ఏనుగో, ఆటోవో తెలీదు. కళ్ళజోళ్ళ షాపు మరి!

నీళ్ళలోకి దిగేటప్పుడు కళ్ళూ ముక్కూ కప్పేలా ఒక అద్దం తొడిగి, నోట్లో గొట్టం పెడతారట. స్నార్కెలింగో ఏదో అంటారు, నాకు నోరు తిరగదు. మామూలు అద్దం పెట్టుకుంటే మా పిల్లకి చేపా కనబడదు, పగడమూ కనబడదు. అందుకని వారం రోజులు అందరూ వెళ్ళిపోయాక కూర్చుని, తన నంబరుకి సరిపడా రెండు అద్దాలు అరగదీసి, ఆ తొడుగులో బిగించుకుంది. పదకొండేళ్ళలో తనకోసం మిషను తిప్పుకోవడం అదే మొదటిసారట.

ఆదివారం పొద్దున్నే పడవెక్కారు. పడవ నడిపే సరంగు మహా మాటకారి. ఒక రేకుడబ్బా చూపించి, "కళ్ళజోళ్ళు ఇందులో పడెయ్యండి బాబూ. నీళ్ళలో జారితే మళ్ళీ దొరకవు. ఒడ్డుకొచ్చాక ఇస్తా" అన్నాడు. అయిదు జతలూ డబ్బాలోకి పోయాయి. పడవలో నలుగురి మొహాలూ అప్పుడే నిద్రలేచిన పసిపిల్లల మొహాల్లా అయిపోయాయి.

తరవాత కాళ్ళకి తొడుక్కునే రబ్బరు రెక్కలు పంచాడు. బాతుకాళ్ళలా ఇంతింత పొడుగు. "వీటితో ముందుకి నడిచారా, బొక్కబోర్లా పడతారు. నీళ్ళలోకి దిగినా, ఎక్కినా... వెనక్కి నడవాలి. గుర్తుందా?"

గుర్తుందన్నారు. ఎవరికీ లేదు, మా పిల్లకి తప్ప. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం దాని జబ్బు.

మడుగు దగ్గరికొచ్చాక సరంగు గొంతు తగ్గించి కట్టుబాట్లు చెప్పాడు.

ఫ్రేముల బాబాయి అడిగాడు — "ఇంతకీ దెయ్యం ఇవ్వాళ కనబడుతుందా?"

"మాటివ్వలేను బాబూ. పోయినవారం వచ్చినవాళ్ళకి మాత్రం కనబడింది."

"మనం అంత దురదృష్టవంతులమా!" అన్నారు ఓనరుగారు. కనబడకపోతే ఎలాగని ఆయన దిగులు.

నీళ్ళలోకి దిగారు. నలుగురూ పది నిమిషాలు తలలు ముంచి, నీలంగా ఏదో మసక చూసి, "అబ్బ, ఎంత బాగుందో!" అనుకుంటూ పైకి ఎక్కేశారు.

మా పిల్ల ఎక్కలేదు.

తనకి కనబడింది మరి! చేప ఒంటి మీద పొలుసు పొలుసూ కనబడింది. పగడం కొమ్మ చివర సూదిమొనంత నోరు తెరుచుకోవడం కనబడింది. ఒక చేప దగ్గరికొచ్చి, మొహంలో మొహం పెట్టి చూసిందట. "పెద్దమ్మా, నన్నెవరూ అంతసేపు చూడలేదు" అంది నాతో. ఆ చేప వెంట ఈదుతూ... ఈదుతూ... ఎంతసేపైందో తెలీదు.

తల పైకెత్తేసరికి — పడవ లేదు.

దూరంగా తెర ఎత్తి ఉంది. పడవ ముక్కు రేవు వైపు తిరిగింది.

పోటు మొదలైందట, గాలి మళ్ళిందట. సరంగు "అందరూ వచ్చారా?" అనడిగితే నలుగురూ ఒక్కసారే "వచ్చాం!" అన్నారట. తలలు లెక్కపెట్టకూడదు గదా. ఎవరూ లెక్కపెట్టలేదు.

మా పిల్ల ఒక చేత్తో నోట్లో గొట్టం పీకేసి, రెండో చెయ్యి ఊపింది.

"ఆగండీ..."

పడవలో నలుగురూ చటుక్కున నిలబడ్డారు. దానికి నంబరద్దాలున్నాయిగా, ఒక్కొక్కరి మొహం స్పష్టంగా కనబడుతోంది. వాళ్ళకే ఇటువైపు ఏమీ కనబడదు. మసక నీళ్ళు... మసక తల... ఊగుతున్న మసక చెయ్యి...

"వచ్చింది!" అన్నారు ఓనరుగారు, సంబరంగా.

"డాక్టరుగారూ... పిలుస్తోందండీ..." కౌంటరమ్మాయి తెల్లకోటాయన చెయ్యి పట్టుకుంది.

"పలక్కు. నీ దణ్ణం నువ్వు పెట్టుకో."

కళ్ళున్నవాడు సరంగు ఒక్కడే. వాడు కట్టుబాటు తప్పకుండా వెనక్కి తిరగలేదు. మిగతా వాళ్ళు తిరిగారు, నమస్కారాలు పెట్టారు, ఫొటోలు తీసుకున్నారు. "నేనండీ! వెనకగదినీ!" అని ఇది గొంతు చించుకుని అరిచింది. గాలి అటు తీసుకుపోయింది సగం మాట.

"ఏమంటోంది?"

"వెనక... వెనక అంటోంది. వెనకాలే వస్తానంటోందండీ!"

సరంగు రెండో తెర కూడా ఎత్తేశాడు.

ఒంటికి తేలే జాకెట్టుంది కాబట్టి మునగలేదు. ఈదుకుంటూ పోయి, మడుగు మధ్య పైకి లేచిన బండ ఎక్కి కూర్చుంది. మొదట బండ మంచమంత ఉంది. కాసేపటికి పీటంత అయింది. పోటు అలా ఎక్కుతూనే ఉంది. పొద్దు అలా దిగుతూనే ఉంది.

ఇంకో పడవొచ్చింది, పాటలు పెట్టుకుని. ఇది లేచి చెయ్యూపింది. పాటలు టక్కున ఆగిపోయాయి. అందరూ చేతులు జోడించారు. ఒక పెద్దాయన వణుకుతూ బిస్కట్ల పొట్లం ఒకటి విసిరి, "తల్లీ, మా జోలికి రాకు" అన్నాడు. పడవ తిరిగిపోయింది.

ఇది బిస్కట్లు తింది. ఏం చేస్తుంది? ఆకలి.

నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. నడుముకొచ్చాయి. వెలుతురు పోతోంది. ఇక చెయ్యూపే ఓపిక కూడా లేదు.

అప్పుడు... వెనకనుంచి... ఎవరో నీళ్ళు కొడుతున్న చప్పుడు. చల్లటి చెయ్యొకటి భుజం మీద పడింది.

"ఇదిగో, బతికున్నావా, పోయావా?"

చిన్న తెడ్డుపడవ. అందులో ముసలావిడ, తడిచీర, పడవనిండా చిప్పలూ గుల్లలూ.

"బతికే ఉన్నానమ్మా..." అని ఇది ఏడ్చేసింది.

"అయితే ఎక్కు. చిప్పల మీద కూర్చోకు, గుచ్చుకుంటాయి."

దారిలో ఇది అడిగింది, "దెయ్యమేమోనని భయం వెయ్యలేదా అమ్మా?"

"దెయ్యమైతే మాత్రం? మునిగిపోతుంటే ఎక్కించుకోవద్దూ?" అంది ఆవిడ, తెడ్డు వేస్తూ. ఆ తరవాత విసుగ్గా — "అయినా ఆ మడుగులో దెయ్యమెక్కడే! అక్కడ ఉండేది నేను. నా వల అక్కడ వేసి ఉంటుంది. ఈ పడవలోళ్ళు వచ్చి సరిగ్గా దానిమీదే లంగరు దింపుతారు, పోతూ పోతూ చింపుకుపోతారు. ఆగండర్రా, ఆగండర్రా అని ఇరవయ్యేళ్ళుగా నీళ్ళలోంచి చెయ్యూపి మొత్తుకుంటున్నాను. ఒక్కడూ ఆగడు. దణ్ణాలు పెట్టి పోతారు!"

అదండీ, ఇరవయ్యేళ్ళ దెయ్యం.

అక్కడ రేవులో ఏమైందో తరవాత కౌంటరమ్మాయి ఫోనులో ఎవరికో చెబుతుంటే ఇది తలుపు చాటునుంచి విందట. దారిలో గాలి పడిపోయి, వాళ్ళ పడవ రేవు చేరేసరికి చీకటి పడిందట. సరంగు డబ్బా తెరిచాడు. నలుగురూ నాలుగు జతలు తీసుకున్నారు. డబ్బాలో ఒకటి మిగిలింది.

"ఇది ఎవరిదబ్బా?" అన్నాడు ఫ్రేముల బాబాయి. "ఫ్రేము మనదే. పాత మోడలు."

తెల్లకోటాయన దీపానికి ఎత్తి చూశాడు. "మైనస్ ఎనిమిది... కుడికన్ను కొంచెం తేడా..." ఆయన చేతిలో జోడు కిందికి దించాడు. "వెనకగది!"

మొహం గుర్తులేకపోయినా నంబరు గుర్తుంది, పాపం.

కౌంటరమ్మాయి ఫోను తీసింది. ఇప్పుడు అందరి కళ్ళకీ జోళ్ళున్నాయి. ఫొటోలో నీళ్ళ మధ్య తల పెద్దది చేసి చూశారు. ఓనరుగారు రేవు గట్టు మీద కూలబడిపోయారు.

"మనమే చంపేశాం," అన్నాడట బాబాయి, మెల్లిగా. "దణ్ణం పెట్టి మరీ చంపేశాం."

సరంగు అప్పటికే పడవ తిప్పుతున్నాడు — వెతకడానికి.

సరిగ్గా అప్పుడే, చిప్పలావిడ రేవు చివర మోకాలిలోతు నీళ్ళలో దీన్ని దింపేసి, "నా ఇల్లు అటు" అని చీకట్లో కలిసిపోయింది. అక్కడంతా పదునైన గుల్లలు. అందుకని ఇది కాళ్ళకున్న రబ్బరు రెక్కలు విప్పలేదు. విప్పలేదు కాబట్టి, సరంగు చెప్పింది చెప్పినట్టు...

వెనక్కి నడిచింది.

గట్టు మీద నలుగురూ చూశారు. మసక చీకటి. నీళ్ళలోంచి జుట్టు విరబోసుకుని ఒక ఆకారం పైకి వస్తోంది. టప్... టప్... వీపు తమ వైపు. అడుగులు తమ వైపే. తల మాత్రం మెల్లిగా భుజం మీంచి ఇటు తిరిగింది... మొహం ఇటు. పాదాలు అటు. ఇంతింత పొడుగు పాదాలు!

"సార్, నన్ను వదిలేసి వచ్చేశారేంటండీ?" అంది ఆకారం.

ఇక చూడాలి! ఓనరుగారి చెప్పొకటి రేవులోనే ఉండిపోయింది. తెల్లకోటాయన ఆ రాత్రి ఊరు దాటేశాడట. కుటుంబమంతా ఏమైపోయిందో తెలీదు. సరంగు మాత్రం నీళ్ళలోకి దూకేశాడు. దెయ్యం గట్టు మీదుంటే నీళ్ళే నయమనుకున్నాడు కాబోలు.

ఇది గట్టు మీద పడి ఉన్న తన జోడు తీసుకుని, బస్సెక్కి ఇంటికొచ్చింది.

సోమవారం ఎప్పటిలా పనికెళ్ళింది. ఆదివారం సంగతి ఎవరూ ఎత్తలేదు. కానీ ఓనరుగారు 'మీరు' అన్నారు. కౌంటరమ్మాయి కప్పు టీ తెచ్చి, గుమ్మంలో పెట్టి పరిగెత్తింది. ఊరినుంచి తిరిగొచ్చిన తెల్లకోటాయన, మైనస్ ఎనిమిది అద్దం ఎవరికి రాసినా వెనకగదికి పంపే చీటీ మీద "దయచేసి" అని రాస్తున్నాడట. ఫ్రేముల బాబాయి తలుపు సందులోంచి అడిగాడు: "అమ్మా, మీకేమైనా లోటుందా?"

"ఈ గదికి కిటికీ లేదు బాబాయిగారూ," అందట ఇది.

నాకు ప్రాణం ఒప్పలేదు. మొన్న ఇంటికొచ్చినప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. "తప్పమ్మా, పాపం వాళ్ళు నిద్రలు మానేసి ఉంటారు. బతికే ఉన్నానని ఒక్క మాట చెప్పెయ్యకూడదూ?"

అది కళ్ళజోడు తీసి, పైటకొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని నాకేసి చూసింది.

"చెప్తాను పెద్దమ్మా. నిన్ననే మేస్త్రీ వచ్చి గోడ కొలుచుకెళ్ళాడు. కిటికీ బిగించాక చెప్తాను."