తీగీగ

నాంచారమ్మ ఏడో మడిలో మినప ఆకును వెనక్కి తిప్పి చూసింది. "పేనుబంక, కొద్దిగా," అని చెవికి తగిలించిన పైరుకన్ను యంత్రానికి చెప్పి పక్క మొక్కకు జరిగింది. పొద్దున్నుంచి ఆరు వందల మొక్కలయ్యాయి. ఉప్పునీళ్లు కట్టల దాకా వచ్చాక లంకలో మిగిలిన మడులు తక్కువ. అందుకే ప్రతి ఆకునూ మనిషి ఒకసారి, యంత్రం ఒకసారి చూడడం రివాజు.

మడి మూలకు వచ్చేసరికి ఆమె కొంగు ఎప్పటిలాగే పైరుకన్ను మీదికి జారింది. అక్కడ నులకమంచమంత మేర బంగారు తీగ మినుమును చుట్టుకుని ఉంది. దానికి ఆకు లేదు, మట్టిలో వేరు లేదు. పక్క మొక్క రసం తాగి బతుకుతుంది. కనబడిన పూటే చెప్పాలి. చెప్పగానే నిప్పుడేగ అనే డ్రోను ఎగిరొచ్చి ఆ మేరంతా కాల్చేస్తుంది. ఆమె తొమ్మిది రోజులుగా చెప్పలేదు.

ఎందుకంటే తీగ దానంతటదే ఎండిపోతోంది, మినుము మళ్లీ చిగురిస్తోంది. గోటితో తీగను చీలిస్తే లోపల తెల్లటి పురుగు గుజ్జు తింటూ కనిపించింది. ఈరోజు ఆ పురుగులకు రెక్కలొచ్చాయి. నడుముకు పసుపు పట్టీ ఉన్న ఈగలు, దారానికి వేలాడదీసినట్టు గాలిలో కదలకుండా నిలబడ్డాయి. కందిరీగలు కావు, రెక్కలు రెండే.

ఆమె పైరుకన్ను మీంచి కొంగు తీసేసింది.

"పూల ఈగ," అంది పైరుకన్ను. "పురుగు దశలో పేనుబంకను తింటుంది."

"ఇది తీగని తింటంది. తీగీగ!"

"తీగ. నమోదైంది. నిప్పుడేగ పదకొండు నిమిషాల్లో వస్తుంది."

"తీగ కాదయ్యా, తీగీగ!"

"తీగ. రెండోసారి నమోదైంది."

డేగలను పంపే కేంద్రంలో కూర్చునే ఎస్తేరు గొంతు పైరుకన్నులోంచి నవ్వుతూ వినిపించింది. "ఏంటి పిన్నీ, రెండుసార్లు తీగన్నావంట? డేగలు రెండొస్తన్నాయి!"

"ఆపవే ఎస్తేరూ! తీగని తినే ఈగలే. పిల్లా జెల్లా అంతా ఈ మూలే ఉన్నాయి. కాలితే మళ్లీ దొరకవు."

ఎస్తేరు నవ్వు ఆగింది. "జాబితాలో లేని ఈగ కోసం డేగల్ని నేనాపలేను పిన్నీ. చూసినోళ్లు చేత్తో పేరు రాస్తేనే ఆగుద్ది. తప్పని తేలిందా, నిన్నిక చేలో అడుగు పెట్టనివ్వరు. అయినా మొన్నటిదాకా నీది వేలిముద్రేగా?"

"మొన్నటి మాట మొన్నే పోయింది. మూడేళ్లు బడికి ఊరికే తిరిగానా?"

ఆమె సంచిలోంచి తెరపలక తీసి రాసింది. తీ. గీ. గ. పలక ఎర్రగీత గీసి, దాన్ని 'తీగ'గా మార్చేసింది. మళ్లీ రాసింది. మళ్లీ 'తీగ'. కాలవగట్టు మీద రెండు డేగలు కనబడ్డాయి.

మూడోసారి ఇంకా పెద్దగా రాసింది. పలక అడుగున 'దిద్దవద్దు' అన్న చిన్న మీట ఉంది. దాన్ని ఇంతవరకూ ఎవరూ నొక్కలేదు. నలభై ఏళ్లు సిరా అంటిన బొటనవేలితో ఆమె దాన్ని గట్టిగా అదిమింది.

డేగలు ఆమె తలపైన, ఆ ఈగల్లాగే, కదలకుండా నిలబడిపోయాయి.

"పిన్నీ!" ఎస్తేరు కేక పెట్టింది. "లంకంతా డేగలు ఆగిపోయినయ్! ప్రతి తీగా చీల్చి చూడాలంట, కాల్చే ముందు!"

పైరుకన్ను నెమ్మదిగా అడిగింది. "ఈ పదం నాకు తెలియదు. ఎలా రాయాలి?"

నాంచారమ్మ నడుము నిటారుగా చేసి నిలబడింది.

"రాసుకో," అంది. "నడిమి గకు గుడిదీర్ఘం మరిచిపోకు."